షెడ్డులో వదిలేసినవాళ్ళు

సముద్రం ఒడ్డున మా బాలూడ్ ఊరి రోడ్డు మలుపులో ఒక సిమెంటు షెడ్డు ఉంది. పగలు జీపుల కోసం జనం అక్కడే నిలబడతారు. చీకటి పడిందా — ఇక ఎంత చెయ్యెత్తినా ఏ జీపూ ఆగదు. "చర్చి దాకా నడిచి రండి, అక్కడ ఎక్కించుకుంటాం" అని డ్రైవర్లు అరుచుకుంటూ పోతారు. ఊరకుక్కలు కూడా వానలో తడుస్తాయి గానీ ఆ షెడ్డులోకి దూరవు.

అలాగని అక్కడ ఎవరూ ఉరేసుకోలేదు. ఎవరినీ చంపి పడేయలేదు. ఆ చోటికి చెడ్డపేరు తెచ్చింది మేమే... ఊరంతా కలిసి, ఏళ్ళ తరబడి.

చావింటికి వెళ్ళినవాళ్ళు తిన్నగా ఇంటికి రాకూడదు. వస్తే పోయినవాళ్ళు వెంటే వస్తారు. దారిలో ఎక్కడో ఒకచోట ఆగాలి, కాసేపు కూర్చోవాలి, బట్టలు దులుపుకోవాలి. వెంట వచ్చినవాళ్ళు అక్కడే దిగిపోతారు. పట్నంలో అయితే కాఫీ కొట్లుంటాయి, నూడుల్స్ బళ్ళుంటాయి. మా ఊళ్ళో రాత్రిపూట ఏముంది? నా కిరాణా కొట్టు ఒకటుంది. ఎవరి దెయ్యాన్నో తెచ్చి నా బియ్యం బస్తాల మధ్య దింపి పోతానంటే నేను ఊరుకుంటానా? అందుకని అందరూ ఆ షెడ్డులోనే ఆగుతారు.

ఇప్పుడు చెప్పండి... బాలూడ్‌లో పోయిన ప్రతి మనిషినీ తీసుకొచ్చి అక్కడే దింపేశాం. దింపేసి, దులుపుకుని, వెనక్కి చూడకుండా వచ్చేశాం. వాళ్ళంతా ఏమయ్యారని ఒక్కరైనా అడిగారా?

ఫాదర్ అన్సెల్మో ప్రసంగంలో ఎప్పుడూ మొత్తుకుంటూనే ఉంటాడు, ఇవన్నీ మూఢనమ్మకాలర్రా, మానండర్రా అని. మేం "ఆమెన్" అంటాం. ఆ సాయంత్రమే చావింటికి వెళ్ళి, షెడ్డులో ఆగి మరీ ఇంటికొస్తాం.

ఈ షెడ్డులో ఇసిద్రక్కకి జరిగింది చెప్తాను. కొంత ఆమె నోటనే విన్నాను, కొంత నా కళ్ళెదుటే జరిగింది. చివరిది మాత్రం... అది మీరే తేల్చుకోండి.

ఇసిద్రక్క మా ఊరి జపాల మనిషి. ఎవరింట్లో చావు జరిగినా తొమ్మిది రాత్రులూ వెళ్ళి జపం చెప్పించేది ఆమే. తల మీద తెల్ల ముసుగు, చేతిలో జపమాల, గంట కొట్టినట్టుండే గొంతు. ఆమె జపం ఎత్తుకుంటే పక్కన కూర్చుని అందుకునేది నేను. ఊళ్ళో పోయినవాళ్ళందరినీ పరలోకం మెట్ల దాకా చెయ్యి పట్టుకుని నడిపించింది ఆమే అనుకోండి.

అలాంటి మనిషికి, తన సొంత మొగుడి సంగతి వచ్చేసరికి దారి మూసుకుపోయింది.

డెన్సియో బావ ఈశాన్యపు గాలుల్లో చేపల వేటకి వెళ్ళాడు. వద్దని ఆమె చెప్పింది. చెబితే వినే రకమైతే డెన్సియో ఎందుకవుతాడు? పడవ తిరిగి రాలేదు. పడవ పక్కన కట్టే వెదురు బొంగు ఒక్కటి రెండు వారాలకి కొట్టుకొచ్చింది, అంతే. మనిషి లేడు. శవమూ లేదు.

శవం లేదు గనక పెట్టె లేదు, పెట్టె లేదు గనక పాతిపెట్టడం లేదు. తొమ్మిది రాత్రుల జపాలైనా పెట్టు అని ఊరంతా చెవిలో జోరీగల్లే పోరు పెట్టారు. ఆమె ఒప్పుకోలేదు.

"జపాలు పెడితే చచ్చిపోయాడని నా నోటితో నేనే చెప్పినట్టు కదా బెనింగ్" అంది నాతో. "రేపు ఏ దీవి నుంచో నడిచొచ్చి, నన్ను బతికుండగానే సాగనంపావేమే అంటే ఏం మొహం పెట్టుకోను?"

"పోనీ పెట్టకు అక్కా."

"పెట్టకపోతే? నిజంగా పోయుంటే? జపమూ సమాధీ లేక ఆ నీళ్ళలోనే తిరుగుతుంటే?"

ఇదీ ఆమె నరకం. పోయాడనుకోడానికి లేదు, ఉన్నాడనుకోడానికి లేదు. దేవుణ్ణి ఆమె ఒక్కటే అడిగింది. ఉన్నాడా, లేడా... ఒక్క మాట చెప్పు, ఏదైనా తట్టుకుంటాను అంది. ఉపవాసాలుంది. మోకాళ్ళ మీద చర్చి గుమ్మం నుంచి పీఠం దాకా నడిచింది. అట్నించి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పైగా ఓదార్పులు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే అవే. "దేవుడి చిత్తం" అని ఒకరు. "ఆయన ఏం చేసినా మన మంచికే" అని ఇంకొకరు. యూఫెమియా పిన్ని అయితే నా కొట్టు ముందే నిలబడి, "నీ విశ్వాసం ఎక్కడో తక్కువైందేమో చూసుకో ఇసిద్రా" అంది. చేతిలో ఎండుచేపల కట్ట ఉంది, విసిరికొట్టేదాన్నే. ఇసిద్రక్క మాత్రం తలొంచుకుని వెళ్ళిపోయింది. కళ్ళలో ఒక్క చుక్క నీళ్ళు లేవు, అదే నాకు భయమేసింది.

అలా ఉండగా ఇలారియో తాత పోయాడు. ముసలితనం, మంచి చావు. ఆఖరి రాత్రి జపాలయ్యాయి. బిస్కెట్లు తిన్నాం, అల్లం కాఫీ తాగాం, ఓ మూల పేకాట నడుస్తూనే ఉంది. ఇంతలో కరెంటు పోయింది. సన్నగా వాన మొదలైంది.

మేం పదిమందిమి బయల్దేరి ఎప్పటిలాగే షెడ్డులో ఆగాం. కాసేపు కూర్చున్నాం. దులుపుకున్నాం, లేచాం. కొబ్బరితోట దాకా వచ్చాక ఇసిద్రక్క నిలబడిపోయింది.

"మీరు నడవండి. జపమాల షెడ్డులో మర్చిపోయాను."

జపమాల ఆమె మెడలోనే ఉంది, ముసుగు కింద. ఆ మాట తర్వాత ఆమే చెప్పింది.

అందరి మాటలూ వినపడనంత దూరం పోయేదాకా ఆమె తోటలోనే వానలో నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగింది. ఆమె ఆలోచన ఒక్కటే... ఊళ్ళో పోయినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. దేవుడు చెప్పకపోతే పోయె, వాళ్ళనే అడుగుతాను. డెన్సియో వాళ్ళలో కలిశాడో లేదో వాళ్ళకి తెలియకుండా ఉంటుందా?

నేనైతే ఆ ఆలోచనకే చచ్చేదాన్ని. కానీ విసిగిపోయిన మనిషికి దెయ్యమేంటి, చీకటేంటి.

షెడ్డు మెట్టు ఎక్కింది. లోపల కాటుక చీకటి. రేకు మీద వాన చప్పుడు... అవతల సముద్రం. ముసుగు తడిసి మొహానికి అంటుకుపోయింది.

రెండడుగులు వేసింది.

ఊపిరి వినపడింది. తనది కాదు.

బెంచీ చివర, గోడ మూల... నల్లగా ఏదో ముడుచుకుని ఉంది. కదల్లేదు. కాసేపటి కింద మేమంతా కూర్చుని లేచిన బెంచీయే అది. అప్పుడు అక్కడ ఎవరూ లేరు.

ఇసిద్రక్క మాత్రం వెనక్కి తగ్గలేదు.

"నేనే..." అంది గుసగుసగా. "మీ అందరికీ జపాలు చెప్పించినదాన్ని. మీ దగ్గరికి ఏమీ కోరుకుని రాలేదు. ఒక్క మాట చెప్పండి చాలు. మా డెన్సియో... ఇక్కడికొచ్చాడా?"

వాన రేకు మీద పడుతూనే ఉంది.

"వచ్చాడా?"

అప్పుడు... ఆ మూల నుంచి... బొంగురు గొంతు.

"రాలేదు."

"నిజంగానా?"

"ఇంకా... రాలేదు."

"వస్తే నాకు చెప్తారా?"

"చెప్తాను. చెప్తాను..."

ఇక అక్కడ నిలవలేదు. దణ్ణం పెట్టి, వెనక్కి నడిచి, రోడ్డెక్కాక పరుగు తీసింది.

తెల్లారేసరికి నా కొట్టు ముందుంది. నెలల తర్వాత ఆ మొహంలో నవ్వు చూశాను.

"బతికే ఉన్నాడు బెనింగ్."

"ఎవరు చెప్పారక్కా?"

"చెప్పాల్సినవాళ్ళే చెప్పారు." అంటూ జరిగిందంతా నా చెవిలో చెప్పింది. చెప్పి, బియ్యం ఇద్దరికి సరిపడా కొలవమంది.

ఆ రోజు నుంచీ ఇసిద్రక్కని చూస్తే జాలేసిందో కోపమొచ్చిందో నాకే తెలియదు. పొద్దునా రాత్రీ రెండు కంచాలు పెట్టేది. ఒకటి అలాగే ఉండేది, చల్లారాక పందికి వేసేది. తలుపు గడియ వేయడం మానేసింది. రాత్రంతా దీపం. కొబ్బరాకు రాలితే లేచేది, కుక్క మొరిగితే వాకిట్లోకి పరిగెత్తేది. కునుకన్నది లేదు. కళ్ళు గుంటలు పడ్డాయి, రవికలు వదులైపోయాయి.

నెమ్మదినిస్తుందనుకున్న మాటే ఆమెని తినేయడం మొదలుపెట్టింది. అంతకు ముందు ఏమీ తెలియని బాధ. ఇప్పుడు ఎప్పుడొస్తాడో తెలియని బాధ. ఏది మేలు?

మళ్ళీ షెడ్డుకి కూడా వెళ్ళింది, ఒకసారి కాదు. అడిగింది, బతిమాలింది. ఈసారి ఎవరూ పలకలేదు. "ఒకసారి చెప్పి నోరు మూసుకున్నారు, వాళ్ళకీ పొగరే" అంది నాతో, పక్కింటి వాళ్ళ మీద చెప్పినట్టు.

చర్చికి రావడం మానేసింది. యూఫెమియా పిన్ని మరిది పోతే జపం చెప్పించడానికి రానంది. ఊరంతా ముక్కున వేలేసుకున్నారు. నేను వెళ్ళి అడిగాను.

"అక్కా, దేవుడి మీద కోపముంటే ఉండనీ. పాపం ఆ చచ్చినాయన ఏం చేశాడు?"

"దేవుడికంటే ఆ షెడ్డులోవాళ్ళే నయం బెనింగ్" అంది. "అడిగితే చెప్పారు."

నేను సిలువ గుర్తు వేసుకున్నాను. ఆమె వేసుకోలేదు.

ఎండలు ముదిరాయి. ఎండుకొబ్బరి ఎత్తుకోడానికి లారీ వచ్చింది. దాని డ్రైవరు మెల్చోర్, అవతలి తీరం మనిషి. నోట్లో నువ్వుగింజ నానదు. సరుకు ఎక్కేలోగా నా కొట్టు అరుగు మీద కూర్చుని, కొబ్బరికల్లు గ్లాసు పట్టుకుని మొదలెట్టాడు.

"మీ ఊరి షెడ్డులో దెయ్యముందంటే ఇన్నాళ్ళూ నవ్వేవాణ్ణి. ఇంక నవ్వను."

అరుగు మీద నలుగురు మగాళ్ళు దగ్గరికి జరిగారు.

"వానాకాలంలో ఓ రాత్రి మలుపుకి అవతల నా బండి ఆగిపోయింది. లైట్లూ పోయాయి. ఫోను చచ్చింది. తడుస్తూ ఎంతసేపుంటాను? షెడ్డులోకొచ్చి మూలన ముడుచుకున్నాను. అప్పుడు వచ్చింది..."

ఇసిద్రక్క అప్పుడే ఉప్పు కోసం వచ్చి నిలబడింది, సరిగ్గా అతని వెనక. నేను కళ్ళతో సైగ చేశాను, గొంతు సవరించాను. చెప్పేవాడికి లోకం కనిపిస్తేగా.

"నిలువెల్లా తెలుపు. మొహం లేదు. కాళ్ళు కూడా లేవు, ఒట్టు. వచ్చి నా ముందు నిలబడి, 'మీ అందరికీ నేనే జపం చేశాను' అంటుంది. అందరికీ అంటే? నేనొక్కడినే కదా ఉన్నాను! నా పక్కన ఇంకెవరు కూర్చున్నారో అని నాకు సగం ప్రాణం అక్కడే పోయింది. తర్వాత మొగుణ్ణి అడిగింది. ఎవరో డెన్సియో అట..."

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. అందరి చూపులూ అతని భుజం మీదుగా వెనక్కి పోయాయి.

"మీరేమన్నారు?" అంది ఇసిద్రక్క.

ఆ గొంతు విని మెల్చోర్ బిగుసుకుపోయాడు. మెల్లగా తిరిగాడు. ఎదురుగా ఉప్పు పొట్లం పట్టుకున్న ఆడమనిషి, పట్టపగలు, కాళ్ళు రెండూ నేల మీద.

"రాలేదన్నాను" అన్నాడు.

"ఎందుకలా అన్నారు?"

"వచ్చాడంటే... లోపలికి వస్తావేమోనని... వస్తారేమోనని భయమేసిందమ్మా."

ఆమె కాసేపు అతన్నే చూసింది. ఆ చూపులో కోపం ఉండుంటే బాగుండేది. ఉప్పు పొట్లం బల్ల మీద పెట్టేసి, ఎండలో పడి నడుచుకుంటూ పోయింది. నేను కొట్టు వాళ్ళకే వదిలేసి వెంటపడ్డాను.

సముద్రం వైపు పోతుందేమో అనుకున్నాను. పోలేదు. తిన్నగా చర్చికి పోయింది. మధ్యాహ్నం వేళ, లోపల పిట్టలు తప్ప ఎవరూ లేరు. నడిమి దారి వెంట నడిచి, పెద్ద సిలువ ముందు నిలబడింది.

ఇక మొదలుపెట్టింది... ఆ గంట లాంటి గొంతుతో.

"నిన్ను అడిగితే పలకవు. వాళ్ళనడిగితే లారీ డ్రైవరు చేత పలికిస్తావు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే కదా? ఊళ్ళోవాళ్ళందరి చావులకీ నీ గుమ్మంలో నేను మొరపెట్టాను. ఒక్కరి విషయంలోనైనా వెనకాడానా? నాకొచ్చేసరికి నీకు నోరు పడిపోయిందా? నీ తల్లి అయినా నయం, కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకుంది. నాకది కూడా లేదు కదయ్యా... చచ్చినవాడి కాలిగోరైనా లేదు కదయ్యా..."

నేను చెవులు మూసుకుని గుమ్మంలో నిలబడ్డాను. కేకలు విని ఫాదర్ అన్సెల్మో పరుగెత్తుకొచ్చాడు. తింటున్న అన్నం మీంచి లేచొచ్చినట్టున్నాడు, చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

"ఫాదర్, మీరు అడగండి" అంది ఆమె. "మీ మాట వింటాడేమో. జవాబు చెప్పమనండి."

ఆయన తడి చెయ్యి అంగీకి తుడుచుకున్నాడు. ప్రసంగం మొదలుపెడతాడేమో, ఈవిడ మీద పడి కొడుతుందేమో అని నేను భయపడ్డాను.

"నాకూ చెప్పడమ్మా" అన్నాడు ఆఖరికి. "ఇన్నేళ్ళైంది, నేనడిగినవి చాలా వాటికి చెప్పలేదు."

అని ముందు వరస బెంచీ మీద ఓ చివర కూర్చున్నాడు.

ఆమె మళ్ళీ సిలువ వైపు తిరిగింది. అరిచింది. డెన్సియో మొండితనం నుంచి తన మోకాళ్ళ నొప్పి దాకా, యూఫెమియా పిన్ని ఎత్తిపొడుపుతో సహా, ఏదీ వదల్లేదు. గొంతు పోయేదాకా అరిచింది. గొంతు పోయాక ఏడ్చింది. ఇన్ని నెలల్లో ఏడవడం అదే మొదలు. ఏడుస్తూ ఏడుస్తూ బెంచీ మీద కూలబడింది. పెదాలు అలవాటు కొద్దీ ఏదో జపం పలుకుతున్నాయి. అవీ మెల్లగా ఆగాయి.

నిద్రపోయింది.

సాయంత్రం గంట మోగలేదు ఆ రోజు బాలూడ్‌లో. గంట వినకుండా సంధ్యాజపం ఎలా చేసుకుంటారంటూ ఊరంతా సణిగారు. ఇద్దరు ముసలివాళ్ళు చర్చికే వెళ్ళి నిలదీశారు. ఫాదర్ అన్సెల్మో గుమ్మంలోనే వాళ్ళకి అడ్డుపడ్డాడు.

"ఆమె నిద్రపోతోంది" అన్నాడట. "మీ జపం ఈ పూట గంట లేకుండా చేసుకోండి."

ఆమె లేచేసరికి చీకటి పడింది. నేను పక్కనే ఉన్నాను. కాసేపు సిలువ కేసి చూస్తూ కూర్చుంది. మొహం వాన వెలిసిన వాకిలిలా ఉంది.

"తొమ్మిది రాత్రుల జపాలు పెడదాం బెనింగ్."

"జవాబొచ్చిందా అక్కా?"

"రాలేదు."

"మరి?"

"అంతసేపు అరిచాను కదా... ఎదురుగానే ఉన్నాడు. లేచి వెళ్ళిపోలేదు." ముక్కు చీదుకుని, కొంగుతో తుడుచుకుంది. "డెన్సియో అయితే నేను సగం తిట్టేలోగా పడవేసుకుని పోయేవాడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఆమె మాత్రం కొంచెం నవ్వింది.

"డెన్సియో ఎక్కడున్నాడో నాకు తెలియదు" అంది. "ఈయనకి తెలుసు. ఇవాళ్టికి అది చాలు. రేపు మళ్ళీ కోపమొస్తే మళ్ళీ వస్తాను."

అలా జపాలు మొదలయ్యాయి. పెట్టె లేదు, శవం లేదు. బల్ల మీద తెల్లగుడ్డ, కొవ్వొత్తి, డెన్సియో బావ పెళ్ళినాటి ఫోటో. చావింటి మనిషి తనే జపం చెప్పించడం మా ఊళ్ళో ఆనవాయితీ కాదు. పట్నం నుంచి ఇంకొకామెని పిలిపిస్తామన్నారు. "నా మొగుడు, నేనే చెప్పిస్తాను" అంది ఇసిద్రక్క. ఎప్పటిలాగే నేను పక్కన కూర్చుని అందుకున్నాను.

ఆఖరి రాత్రి ఊరంతా వచ్చింది. మెల్చోర్ కూడా వచ్చాడు, లారీ ఎక్కడో దూరంగా ఆపుకుని, చేతిలో ఒక బిస్కెట్ల డబ్బాతో. ఆమె కళ్ళలోకి చూడలేక ఆ డబ్బా నాకిచ్చి వెనక వరసలో నిలబడ్డాడు. జపం నడుస్తోంది. విశ్వాస సంగ్రహం దగ్గర, శరీరాలు తిరిగి లేస్తాయని నమ్ముతున్నాను అనే చోట ఆమె గొంతు ఆగింది. మేమంతా ఎదురుచూశాం. ఆ మాట మళ్ళీ పలికింది, నెమ్మదిగా, దాన్ని మొదటిసారి వింటున్నట్టు. తర్వాత ముందుకు సాగింది.

కాఫీలయ్యాయి. జనం లేచారు. చావింటివాళ్ళు వచ్చినవాళ్ళని గుమ్మం దాకా సాగనంపకూడదు, అదీ మా పద్ధతే. ఇసిద్రక్క సాగనంపింది. గుమ్మం దాటి వాకిట్లోకి వచ్చి మరీ నిలబడింది.

"ఒక్క మాట" అంది. "షెడ్డులో ఆగకండి."

ఎవరికీ అర్థం కాలేదు.

"డెన్సియోని అక్కడ దింపేసి పోకండి. దులుపుకోడానికి అతనేం దుమ్మా? తిన్నగా ఇళ్ళకి పోండి. వెంట వస్తే రానివ్వండి. గుక్కెడు కాఫీ పోసి, ఓ జపం చేసి, ఇంటికి పొమ్మనండి. నా తలుపు తీసే ఉంటుంది."

"అదేం మాట ఇసిద్రా..." అంది యూఫెమియా పిన్ని. "ఇంటికి రానివ్వడమేంటి?"

"ఇందాక నాతో పాటు నమ్ముతున్నానన్నావు కదా పిన్నీ. ఏం నమ్మావు మరి?"

పిన్ని నోరు మూతపడింది. ఆ ఒక్కటి చూడ్డానికైనా డెన్సియో బావ ఉండాల్సింది.

బయల్దేరాం. వాన లేదు, గాలి లేదు. గుంపుగా, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడుస్తున్నాం. మలుపు వచ్చింది... షెడ్డు వచ్చింది. కాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి. ఎవరో దగ్గారు. ఎవరూ లోపలికి చూడలేదు.

ఎవరూ ఆగలేదు.

షెడ్డు దాటి కొంత దూరం వచ్చాక విన్నాను. వెనకాల... అడుగులు.

వెనకబడినవాళ్ళేమో అనుకున్నాను. పక్కకి చూశాను. అందరం ఇక్కడే ఉన్నాం. మెల్చోర్ కూడా నా ముందే నడుస్తున్నాడు. యూఫెమియా పిన్ని గోళ్ళు నా మోచేతిలో దిగబడ్డాయి.

"వింటున్నావా?" అంది గుసగుసగా.

"నడువు పిన్నీ."

చెప్పుల్లేని కాళ్ళు, ఇసుక దారి మీద. ఒకరివి కావు... చాలామందివి. ముసలివాళ్ళు ఈడ్చి ఈడ్చి వేసే అడుగులు. పసివాళ్ళ బుడిబుడి అడుగులు. తొందర లేదు వాళ్ళకి. మేం నడిస్తే నడుస్తున్నారు. ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకెళ్ళక, ఆ చీకట్లో కూర్చుని కూర్చుని, ఇప్పుడు లేచినట్టు.

ఎవరూ పరిగెత్తలేదు. ఎందుకో తెలియదు, ఆ క్షణంలో పరిగెత్తడానికి సిగ్గేసింది.

ఒక్కొక్క ఇల్లూ వస్తోంది. ఒక్కొక్కరూ విడిపోతున్నారు. మెల్చోర్ తన లారీ దగ్గర ఆగిపోయాడు. ఇలారియో తాత కొడుకు వాళ్ళ సందులోకి తిరిగాడు... వెనక ఈడ్పు నడక ఒకటి అటు తిరిగింది. యూఫెమియా పిన్ని వాళ్ళ గేటు దగ్గర ఆగి, గేటు వేయకుండానే లోపలికి పోయింది. మా వెనక చప్పుడు పలచబడుతూ వచ్చింది.

నా కొట్టు దగ్గరికొచ్చేసరికి రోడ్డు మీద నేనొక్కదాన్నే మిగిలాను.

వెనకాల ఇంకా ఒక జత అడుగులున్నాయి.

తిరిగి చూడలేదు. తాళం తీశాను. లోపలికెళ్ళి దీపం వెలిగించాను. తలుపు వెయ్యబోయాను... వెయ్యలేకపోయాను.

మా అమ్మని కూడా ఆ షెడ్డులోనే కదా దింపేసి వచ్చాం.

తలుపు బార్లా తీసి, కాఫీకి నీళ్ళు పెట్టాను.